ఉస్తాదును స్మరించుకోవడం ఎలా?

మహనీయులను స్మరించుకోవడం వార్షిక సంచికలకు ఆనవాయితీ. కవులను, దేశనాయకులను, విద్యాదాతలను తలచుకొని, నాలుగు మంచి మాటలు వ్రాసి పుట ముగిస్తాము. ఈసారి మేము ఒక బడిపంతులును స్మరింపదలచినాము. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీమ్. మన హైదరాబాదు వాసి. కాచిగూడ, చాదర్‌ఘాట్ పాఠశాలలలో పిల్లలకు పాఠం చెప్పిన చేతులే భారతదేశ ఫుట్‌బాల్ జట్టును తీర్చిదిద్దాయి. 2024లో ‘మైదాన్’ అనే హిందీ చలనచిత్రం వచ్చిన తరువాత ఆయన పేరు మళ్లీ నలుగురి నోట వినబడుతున్నది. సంతోషమే. కాని చిత్రం చూసి చప్పట్లు కొట్టడంతో మన ఋణం తీరిందా అన్నదే మా ప్రశ్న.

రహీమ్ గారు 1909లో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టభద్రులై ఉపాధ్యాయ వృత్తి చేపట్టారు. 1943 నుండి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా ఉన్నారు. 1950 నుండి హైదరాబాదు నగర పోలీసు జట్టుకు శిక్షణ నిచ్చారు. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్పును గెలుచుకొన్నది. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో ఆయన శిక్షణలోని భారత జట్టు ఇరాన్‌ను ఓడించి స్వర్ణపతకం సాధించింది.

విజయాలు మాత్రమే చెప్పడం న్యాయం కాదు. మరుసటి సంవత్సరమే, 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో, మన జట్టు యుగోస్లావియా చేతిలో పదికి ఒకటి గోల్స్ తేడాతో ఓడిపోయింది. మనవారిలో పలువురు ఆ చలిలో వట్టి కాళ్లతో ఆడారు. మరొకరైతే సిగ్గుతో తప్పుకొని ఉండేవారు. రహీమ్ గారు ఆ ఓటమిని పాఠంగా గ్రహించారు. నాలుగేళ్లు తిరిగేసరికి, 1956లో, మెల్బోర్న్‌లో అదే దేశం ఆస్ట్రేలియాను 4-2 గోల్స్‌తో ఓడించి ఒలింపిక్ సెమీఫైనల్ చేరింది. అంతకు ముందు ఆసియా ఖండంలోని ఏ దేశానికీ ఆ గౌరవం దక్కలేదు.

ఇంతటి ఫలితం ఎక్కడ నుండి వచ్చింది? పెద్ద జట్ల నుండి కాదు, చిన్న పిల్లల నుండి అని మేము భావిస్తున్నాము. రహీమ్ గారు బాలుర కోసం వింత పోటీలు ఏర్పాటు చేసేవారు. ఒక పోటీలో బలహీనమైన కాలితోనే బంతిని తన్నాలి. కుడి కాలి వాటం ఉన్నవాడు ఎడమ కాలితోనే ఆడాలి. మరొక పోటీలో బంతిని తనవద్దనే ఉంచుకొని ఎదుటివారిని తప్పించుకుంటూ పోరాదు. వెంటనే సహచరునికి అందించాలి. మొదటి పోటీ బాలునికి తన లోపాన్ని చూపి, దానిని దిద్దుకొమ్మన్నది. రెండవది ‘నేను’ అనే మాటను తగ్గించి ‘మనము’ అనే మాటను నేర్పింది. ఈ రెంటికీ కావలసింది ఒక బంతి, ఒక మైదానం, ఒక పెద్దమనిషి ఓపిక. అంతే.

సికిందరాబాదు సమీపంలోని అమ్ముగూడ నుండి తులసీదాస్ బలరాం అనే పేద కుర్రవాడు వచ్చాడు. నగరానికి వచ్చి సాధన చేయడానికి దారి ఖర్చులు లేవన్నాడు. సైకిలు అద్దెకు తీసుకొనేందుకు రహీమ్ గారు డబ్బు ఇచ్చారని బలరామే తరువాత చెప్పుకొన్నారు. ఆ కుర్రవాడు 1956, 1960 ఒలింపిక్స్‌లలో దేశం తరఫున ఆడాడు. ఆ సైకిలు అద్దె దొరకకపోతే దేశానికి బలరాం లేడు.

యువకుల సేవలో మునిగినవారు ఇంటిని మరచిపోతారని లోకం అంటుంది. రహీమ్ గారి కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం తండ్రి బాటలోనే నడిచారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో తండ్రి శిక్షకుడు, కుమారుడు జట్టులో సభ్యుడు. అయినా హకీం ఆ ఒలింపిక్స్‌లో ఒక్క పోటీలోనూ ఆడలేదు. తండ్రి హృదయంలో ఏమున్నదో మనము ఊహించనక్కరలేదు. కొడుకు అన్న కారణంతో ఒక మెట్టు ఎక్కువ చూడలేదన్నది మాత్రం స్పష్టం. హకీం వాయుసేనలో స్క్వాడ్రన్ లీడర్ అయి, అంతర్జాతీయ రెఫరీగా పేరు పొంది, 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకొని, 2021లో కన్నుమూశారు. బిడ్డకు పక్షపాతం పంచకుండా విలువలు పంచిన తండ్రియే నిజమైన గృహస్థు అని మా నమ్మకం.

చివరి ఘట్టం 1962 జకార్తా. అప్పటికే రహీమ్ గారిని కేన్సరు వ్యాధి పీడిస్తున్నది. మొదటి పోటీలో మన జట్టు దక్షిణ కొరియా చేతిలో ఓడింది. తలకు గాయమై కుట్లు పడిన రక్షకుడు జర్నైల్ సింగ్‌ను ఆయన ముందు వరుసలో ఆడించారు. సెప్టెంబరు 4న అదే దక్షిణ కొరియాతో తుది పోటీ. స్టేడియం నిండా మనకు వ్యతిరేకమైన కేకలు. పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ సింగ్ ఒక గోల్ చేయగా 2-1తో స్వర్ణం మనదైంది. చునీ గోస్వామి నాయకుడు. తంగరాజ్, యూసుఫ్ ఖాన్, బలరాం ఆ జట్టులోని వారే. ఏ పేరు ఏ మతానిదో, ఏ ప్రాంతానిదో వేరుచేయబూనినవారికి అక్కడ జట్టు కనబడదు. తొమ్మిది నెలల తరువాత, 1963 జూన్ 11న, రహీమ్ గారు మరణించారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారతదేశానికి మళ్లీ స్వర్ణం రాలేదు.

ఇక మన మాట. రాజీవ్ రహదారి మీది కుకునూరుపల్లి నుండి, దాని చుట్టుపక్కల పల్లెల నుండి బస్సెక్కి కళాశాలకు వచ్చే విద్యార్థులు మనలో ఉన్నారు. చివరి బస్సు పోతుందన్న భయంతో వారు ఆటల గంటకు ముందే వెళ్లిపోతారు. వారిలో ఒక బలరాం లేడని ఎవరు చెప్పగలరు? ‘పరీక్షలు ముఖ్యం, ఆటలకు నిధులు లేవు’ అని పెద్దలు అంటారు. పరీక్షలు ముఖ్యమే. రహీమ్ గారు కూడా పట్టభద్రులే, పాఠం చెప్పినవారే. ఆటను ఆయన చదువుకు శత్రువుగా ఏనాడూ చూడలేదు. నిధుల మాటకు వస్తే, ఎడమ కాలి పోటీకి అయ్యే ఖర్చు ఎంత?

కనుక కళాశాల కమిటీ పెద్దలకు మా సవినయ మనవి. ఆటల గంటను సాయంత్రం చివర కాక మధ్యాహ్నానికి మార్చండి. దూరపు పల్లెల నుండి వచ్చే పేద విద్యార్థుల దారి ఖర్చులకు ఒక చిన్న నిధి ఏర్పాటు చేయండి. విద్యార్థినులకు కూడా ఆ గంటలో సమాన భాగం ఇవ్వండి. రహీమ్ గారి చిత్రపటానికి పూలమాల వేయకపోయినా ఫరవాలేదు.

విద్యార్థి మిత్రులారా, మీకూ ఒక మాట. ఉర్దూ మాధ్యమం వారు ఒక వైపు, తెలుగు మాధ్యమం వారు ఒక వైపు జట్లు కట్టడం మానండి. మీలో బాగా ఆడగలవాడు తన తరువాతి తరగతి వానికి వారంలో ఒక గంట నేర్పాలి. ఉస్తాదు అనిపించుకోవడానికి ఉద్యోగం అక్కరలేదు, వయస్సు అక్కరలేదు. మనకు తెలిసినది మరొకరికి అందించే మనసు చాలు. బంతిని తనవద్ద దాచుకొనక సహచరునికి అందించుమని రహీమ్ సాహెబ్ పిల్లలకు నేర్పింది కూడా అదే కదా.