పాయింట్ల పుస్తకంలో రాయని నొప్పి

నంద్యాల నుంచి ఒక పాఠకుడు రాసిన నాలుగు పేజీల ఉత్తరం నా ముందుంది. వయసు 47. బ్యాంకులో ఉద్యోగం. రోజూ తెల్లవారి అయిదున్నరకల్లా షటిల్ కోర్టులో వుంటారు. ఆరేళ్ళుగా ఆడిన ప్రతి ఆటకూ ఆయన దగ్గర లెక్క వుంది. ఎవరితో ఆడారు, ఎన్ని పాయింట్లు వచ్చాయి, ఎన్ని సర్వీసులు నెట్టుకు తగిలాయి, ఎన్ని స్మాష్‌లు గీత దాటి పడ్డాయి, అన్నీ ఒక లాంగ్ నోటుబుక్కులో తేదీలతో సహా రాసుకున్నారు. ఈమధ్య చేతికి కొత్తరకం వాచీ కూడా వచ్చింది. అది గుండె వేగం చెబుతుంది, ఖర్చయిన కేలరీలు చెబుతుంది. ఆల్ ఇంగ్లండ్ పోటీలైనా, ప్రపంచ ఛాంపియన్‌షిప్ అయినా టీవీ ముందు నుంచి కదలరు. చూసిన షాట్లు మర్నాడు కోర్టులో కొట్టి చూస్తారు.

"మూడు నెలలుగా కుడి మోచెయ్యి బయటివైపు నొప్పి. కాఫీ గ్లాసు ఎత్తినా పోటు పొడుస్తుంది. ఇంజెక్షను చేయించుకోమని స్నేహితులు చెబుతున్నారు. చేయించుకోమంటారా?" ఇదీ ఆయన ప్రశ్న.

దానికి జవాబు చెబుతాను. కానీ మూడో పేజీలో, మాటల మధ్య, ఆయన ఒక వాక్యం దొర్లించారు. "మూడో గేములో ఒక్కొక్కసారి రొమ్ము మధ్యలో పట్టేసినట్టు అవుతుంది, రెండు నిమిషాలు నిలబడితే పోతుంది, గ్యాసే అనుకుంటాను" అని. నాలుగు పేజీల్లోనూ నన్ను కలవరపెట్టిన వాక్యం అదొక్కటే. దాని సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆయన అడిగిన మోచెయ్యి.

దీన్ని టెన్నిస్ ఎల్బో అంటారు. టెన్నిస్ ఆడేవారికే వస్తుందనుకోకండి. ఆళ్ళగడ్డలో పొద్దస్తమానం ఉలీ సుత్తీ పట్టుకుని రాయి చెక్కే శిల్పులకు రాకెట్టు పట్టకుండానే రావచ్చు. బట్టలు పిండే ఇల్లాలికీ రావచ్చు. మణికట్టును పైకి లేపే కండరాలు మోచేతి బయటి ఎముకకు ఒక నరంలాంటి పట్టీతో అంటుకుని వుంటాయి. అదేపనిగా లాగితే ఆ పట్టీ దెబ్బతింటుంది. లోపలివైపు వస్తే గోల్ఫర్స్ ఎల్బో అంటారు. పేరు మారుతుంది గానీ బాధ అదే.

ఇంజెక్షను సంగతి. స్టెరాయిడ్ ఇంజెక్షనుతో కొన్ని వారాలు హాయిగా వుంటుంది. అందుకే దానికి అంత మంచిపేరు. కానీ ఏడాది తిరిగేసరికి, ఇంజెక్షను వేయించుకున్నవారికంటే వేయించుకోని వారే మెరుగ్గా వుంటున్నారనీ, వేయించుకున్నవారికి నొప్పి తిరగబెట్టడం ఎక్కువనీ పరిశోధనల్లో తేలింది. కాబట్టి తొందరపడకండి. బల్లమీద ముంజెయ్యి ఆనించి, అరచెయ్యి కిందికి వుండేలా, మణికట్టు బల్ల అంచు దాటి వేలాడేలా కూర్చోండి. చేతిలో అరలీటరు నీళ్ళ సీసా పట్టుకోండి. రెండో చేత్తో దాన్ని పైకి లేపి, తర్వాత నొప్పి చెయ్యి ఒక్కదానితోనే మెల్లిగా, చాలా మెల్లిగా కిందికి దించండి. పదిహేనుసార్లు చొప్పున రోజుకు మూడు దఫాలు. రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి. చాలామందికి ఏడాదిలోపు అదే సర్దుకుంటుంది.

ఇంకో అనుమానం. మీ రాకెట్టు గట్టింగ్ ఎన్ని పౌన్లు? టీవీలో చూసి 28, 30 పౌన్లు బిగించమని అడిగారేమో! పెద్ద ఆటగాళ్ళు అంతకుమించి కూడా బిగిస్తారు. వాళ్ళ దెబ్బలో వున్న వేగం వల్ల అది వాళ్ళకు చెల్లుతుంది. మనబోటి వాళ్ళకు 20 నుంచి 24 చాలు. గట్టింగ్ మరీ బిగిస్తే షటిల్ ఎగరదు. అది ఎగరడానికి చెయ్యి మరింత విసరాలి. ఆ బరువంతా మోచెయ్యే మోస్తుంది.

పోటీలు చూడొద్దని నేననను. 1980లో ప్రకాశ్ పదుకొణె ఆల్ ఇంగ్లండ్ గెలిచినప్పుడూ, 2001లో మన గోపీచంద్ గెలిచినప్పుడూ, 2016లో సింధు రియోలో రజతం తెచ్చినప్పుడూ ఎన్ని సందుల్లో తాళ్ళు కట్టి షటిల్ ఆడారో! అది మంచిదే. వారానికి 75 నిమిషాలు చెమట పట్టే ఆట ఎవరి ఆరోగ్యానికైనా మేలు. అయితే టీవీలో మనకు కనిపించేది ఆట మాత్రమే. ఆటకు ముందు వాళ్ళు చేసే సన్నాహం కనిపించదు, పక్కనుండే ఫిజియోథెరపిస్టూ కనిపించడు. 2022 ఆగస్టులో సింధు బర్మింగ్‌హామ్‌లో ఎడమ చీలమండ నొప్పితోనే కామన్వెల్త్ స్వర్ణం గెలిచింది. ఆ కథ మనకు గుర్తుంది. ఆ తర్వాత ఎముకలో చీలిక వుందని తేలి, ఆ నెలలోనే జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ వదులుకుని, మళ్ళీ 2023 జనవరిలో గానీ ఆమె పోటీకి దిగలేదన్నది ఎందరికి గుర్తుంది? నొప్పితో ఆడటం చూసి నేర్చుకుంటాం. నొప్పి కోసం అయిదు నెలలు ఆగడం మాత్రం నేర్చుకోం.

ఇక ఆ మూడో పేజీ వాక్యం.

కూర్చున్నప్పుడు గుండెకు కొద్దిపాటి రక్తం చాలు. పరుగెత్తినప్పుడు ఎన్నో రెట్లు కావాలి. గుండెకు రక్తం అందించే నాళం కొవ్వు పేరుకుని సన్నబడిందనుకోండి. మామూలు వేళ ఏమీ తెలియదు. ఆట ఊపందుకున్నప్పుడు రొమ్ములో బిగుతు వస్తుంది, నిలబడితే పోతుంది. దీనిని ఆంజైనా అంటారు. శ్రమపడితే రావడం, ఆగితే పోవడం దాని గుర్తు. గ్యాసుకు మీరు ఏ గేము ఆడుతున్నారో తెలియదండీ! మూడో గేములోనే ఎందుకు వస్తుంది? కొందరికి నొప్పి రొమ్ములో కాక దవడలోనో, ఎడమ భుజంలోనో వస్తుంది. షుగరు వున్నవారికి నొప్పే లేకుండా ఆయాసంగా, చెమటగా రావచ్చు.

"వాచీ అంతా బాగుందని చూపిస్తోంది" అని మీరు రాశారు. వాచీ గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో చెబుతుంది. చెయ్యి విసిరే ఆటలో అదీ ఒక్కోసారి తప్పు చెబుతుంది. రక్తనాళం సన్నబడిందో లేదో చెప్పడం దాని వల్ల కాదు. కదలకుండా పడుకున్నప్పుడు తీసిన ఈసీజీ బాగున్నా భరోసా లేదు. అంచేత మీరు ముందు ఆట ఆపాలి. పూర్తిగా ఆపాలి. ఈ వారమే గుండె డాక్టరుకు చూపించుకుని, రక్తపోటు, షుగరు, కొలెస్ట్రాల్ పరీక్షలతో పాటు ట్రెడ్‌మిల్ పరీక్ష అవసరమేమో అడగండి. వచ్చేటప్పుడు ఆ నోటుబుక్కు తీసుకెళ్ళండి. ఏ తేదీన, ఎంతసేపు ఆడాక పట్టేసిందో గుర్తున్నంతవరకూ పక్కన రాయండి. ఆరేళ్ళ పాయింట్లకన్నా డాక్టరుకు ఆ నాలుగు తేదీలే పనికొస్తాయి.

ఇదే వారం ఆళ్ళగడ్డ నుంచి ఒక గృహిణి ఉత్తరం వచ్చింది. కాకతాళీయమే. "మా ఆయనకు 52 ఏళ్ళు, షుగరు వుంది. పోయిన ఆదివారం ఆట మధ్యలో చెమటలు పట్టి కూలబడ్డారట. సోడా తాగి మళ్ళీ ఆడి వచ్చారు. నాకు చెప్పొద్దని స్నేహితులతో ఒట్టు వేయించుకున్నారు. ఏం చెయ్యను?" అని.

అమ్మా, పోట్లాడకండి. ఈ పేజీ ఆయన ముందు పెట్టి, రేపే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఆయన స్నేహితులకు కూడా ఒకమాట చెప్పాలి. ఆటలో ఎవరికైనా రొమ్ము పట్టేసి, ఆగిన అయిదు నిమిషాలకు కూడా తగ్గకపోతే, లేదా చెమటతో కూలబడితే, సోడాలు తాగిస్తూ కాలయాపన చెయ్యవద్దు. కూర్చోబెట్టి 108కి ఫోను చెయ్యాలి. ఆస్పిరిన్ పడనివారూ, కడుపులో పుండు వున్నవారూ కాకపోతే 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలించవచ్చు. ఆయన్నే మోటారుసైకిలు నడుపుకుంటూ నంద్యాల దాకా వెళ్ళనివ్వకూడదు. నలభై కిలోమీటర్ల దారి అది. గుండెపోటులో గడిచిన ప్రతి నిమిషానికీ కొంత గుండె కండరం చచ్చిపోతుంది.

ఎండాకాలం గురించి ఇద్దరూ అడగలేదు గానీ చెబుతున్నాను. మీ జిల్లాలో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 45 డిగ్రీలను తాకుతుంది. గాలి ఆడని రేకుల షెడ్డులో సాయంత్రం ఆట అప్పుడు వద్దు. తెల్లవారుజామునే ఆడండి. ఆటకు ముందు పది పదిహేను నిమిషాలు నడక, మెల్లని పరుగు, పిక్కలు సాగదీయడం తప్పదు. నలభై దాటినవారిలో మడమ వెనక నరం తెగడం ఈ సన్నాహం లేకనే ఎక్కువ చూస్తున్నాను. ఎవరో వెనకనుంచి తన్నినట్టు వుందని వెనక్కి తిరిగి చూస్తారు. అక్కడ ఎవరూ వుండరు.

నంద్యాల పాఠకుడు రిపోర్టులు చేతికి వచ్చాక మళ్ళీ రాయండి. మోచేతి వ్యాయామం ఈలోగా ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు.