ప్రివ్యూ కూర్పులును నిరీక్షణయు

ఇటీవల మన విద్యార్థులలో కొందఱు తమ యిండ్లలోని కంప్యూటర్లయందు ఆపరేటింగు సిస్టముయొక్క ప్రివ్యూ కూర్పులను, అనగా సర్వజనులకు విడుదల కాకమునుపే పరీక్షార్థమై యొసగబడు కూర్పులను, ఎక్కించుకొనుటయందు మిక్కిలి యుత్సాహము చూపుచున్నారు. క్రొత్తదానిని అందఱికంటె ముందు చూడవలెనను కోరిక బాల్యమునకు సహజము. దానిని మేము నిందింపము. అయితే ఆ కూర్పులు దిగుటకును ఎక్కుటకును పట్టు కాలమును చూచి విసుగుకొనువారును, యంత్రము మొరాయించినదని తలంచి నడుమ మీట నొక్కి ఆర్పివేయువారును వారిలోనే యున్నారు. ఇంటనున్న ఒక్క కంప్యూటరు ఇట్లు చెడినయెడల తండ్రిగారి లెక్కలును, అక్కగారి కాలేజీ పనియు, ఏండ్లతరబడి కూర్చిన కుటుంబపు ఛాయాచిత్రములును ఒక్క సాయంకాలమున పోవచ్చును. కావున ఈ విషయమున మా యభిప్రాయమును తెలుపుట యుక్తమని తలంచుచున్నాము.

మొదట ఆలస్యమునకు కారణము నెఱుగవలెను. నెలనెల వచ్చు సామాన్యపు అప్‌డేటు పెంకు జారినచోట ఇంకొక పెంకు వేయుటవంటిది. పూర్తి ప్రివ్యూ బిల్డు అట్టిది కాదు. కాపురమున్న యింటి ప్రక్కనే క్రొత్త యిల్లు కట్టి, సామాను నంతయు అందులోనికి చేర్చి, పాత యింటికి తాళము వేయుటవంటిది. విండోసు విషయమున, క్రొత్త సిస్టము డిస్కుమీద వేఱుగా పఱచబడును, డ్రైవర్లు, ప్రోగ్రాములు, అమరికలు, మన ఫైళ్లు అందులోనికి మార్చబడును, పాతది విండోస్.ఓల్డ్ అను ఫోల్డరులో ఉంచబడును. నడుమ యంత్రము పలుమాఱులు ఆగి మఱల లేచును. ఈ పనిలో వేలకొలది చిన్న ఫైళ్లు కదలవలెను. తిరుగుడు పళ్లెముల హార్డుడిస్కుగల పాత యంత్రములలో, చదువు ముల్లు ఒక్కొక్క ఫైలునకు ఒక్కొక్క చోటికి పరుగెత్తవలసియుండును గనుక, ఎస్.ఎస్.డి. గల యంత్రములకంటె చాల యెక్కువ కాలము పట్టును. ఇది సోమరితనము కాదు, పని బరువు.

మైక్రోసాఫ్టువారును ఈ యాలస్యమును ఎఱుగనివారు కారు. మాఱిన భాగములను మాత్రమే దింపుకొను పద్ధతిని వారు 2016లో ప్రకటించి, పెద్ద అప్‌డేట్లలో దిగుమతి పరిమాణము సుమారు 35 శాతము తగ్గగలదనిరి. 2018లో వారు తెలిపిన లెక్క ప్రకారము, 2017 ఏప్రిల్ నాటి కూర్పు ఎక్కునప్పుడు కంప్యూటరు పనికి రాక నిలిచియుండు కాలము సగటున 82 నిమిషములు. ఆ యేటి అక్టోబరు కూర్పునకు 51. దాని తరువాతిదానికి 30. ఈ తగ్గుదల పని తగ్గుటచేత కలుగలేదు. పూర్వము యంత్రము నాపి చేయు పనిలో కొంత భాగమును, మనము వాడుకొనుచుండగనే వెనుకప్రక్కను మెల్లగా చేయించిరి. అనగా ఆలస్యము పోలేదు, చోటు మార్చుకొన్నది. పని మధ్యాహ్నమంతయు యంత్రము మందముగా నున్నదని సణుగువారు ఈ సంగతిని గ్రహింపవలెను.

మఱియొక భ్రాంతి కలదు. 2014లో విండోస్ ఇన్‌సైడర్ ప్రోగ్రాము ప్రారంభమైనప్పుడు పరీక్షకులకు ఫాస్ట్ అనియు స్లో అనియు వరుస లేర్పఱచిరి. ఫాస్ట్ అనగా త్వరగా ఎక్కునది కాదు. తక్కువ పరీక్షతో, త్వరత్వరగా వచ్చునది. 2020లో ఈ పేర్లను తీసివేసి డెవ్, బీటా అను ఛానెళ్లను పెట్టిరి; 2023లో వానికి ముందు మెట్టుగా కానరీని చేర్చిరి. పేరేదైనను న్యాయ మొక్కటే: ఎంత ముందు నిలిచిన అన్ని బిల్డులు, ఎన్ని బిల్డులో అన్ని నిరీక్షణలు. తొందరపాటు గలవాడే అన్నిటికంటె ముందు వరుసలో చేరి అన్నిటికంటె ఎక్కువగా వేచియుండుట వింత కాదా?

ఇట్లయిన ఈ పని విద్యార్థులకు తగదని కొందఱు పెద్ద లనవచ్చును. మేము వారితో ఏకీభవింపము. ప్రివ్యూ ఎక్కించుకొన్నవాడు అతిథి కాడు, పనివాడు. చూచినదానిని చూచినట్లు వ్రాసి పంపుట అతని పని. 2018 అక్టోబరు 2వ తేదీన విడుదలయైన విండోస్ 10 కూర్పును, కొందఱి ఫైళ్లు చెఱిగిపోవుటచేత, 6వ తేదీన నిలిపివేయవలసివచ్చెను. సరిచేసి నవంబరు 13న మఱల విడుదల చేసిరి. డాక్యుమెంట్సు మొదలగు ఫోల్డర్లను వేఱుచోటికి మార్చుకొన్నవారికి, పాత చోట మిగిలిన ఫైళ్లు తుడిచివేయబడినవి. విచారకర మేమనగా, విడుదలకు ముందే కొందఱు పరీక్షకులు ఈ దోషమును కనిపెట్టి ఫీడ్‌బ్యాక్ హబ్‌లో వ్రాసియుండిరి. కాని వారి నివేదికలకు తోడు పలికినవారు కొలదిమంది యగుటచేత అవి అసంఖ్యాకములైన ఫిర్యాదులలో మునిగిపోయెను. ఆ పిదప, దోష మెంత తీవ్రమో పరీక్షకుడే తెలుపుటకు వీలు కల్పించిరి. "ఆలస్యము, ఆలస్యము" అని మాత్రమే మొఱపెట్టు నివేదికలు గుట్టలుగా పడినచోట, ఫైళ్లు పోయినవని చెప్పు ఒక్కని మాట వినబడునా? ఆలస్యమును గుఱించి వ్రాయదలచినవారు ఏ బిల్డు, ఏ డిస్కు, ఏ శాతమువద్ద ఎన్ని గంటలు నిలిచినది, వ్రాయవలెను. అట్టి నివేదిక పనికివచ్చును, సణుగుడు పనికిరాదు.

కావున మా సలహా ఇది. కుటుంబమునకు ఒక్కటే యంత్ర మున్నచోట ప్రివ్యూ కూర్పు వలదు. బడి లెక్కలును మార్కులును ఉన్న యంత్రములందు అది బొత్తిగా కూడదు. పాతదో, విడిదో మఱియొక యంత్ర మున్నవారు నిరభ్యంతరముగా చేరవచ్చును. చేరినవారు మొట్టమొదట తమ ఫైళ్లను వేఱొక డిస్కునకు ఎత్తి భద్రపఱచుకొనవలెను. డిస్కులో తగినంత చోటు విడువవలెను. అక్కఱలేని పెన్‌డ్రైవులను తీసివేయవలెను. ల్యాప్‌టాపునకు ఛార్జరు తగిలింపవలెను. పని లేని రాత్రివేళ ప్రారంభింపవలెను. తెరమీది శాతము కదలకున్నను, డిస్కు దీపము మినుకుచున్నంతకాలము చేయి వేయరాదు. బిల్డు నచ్చనియెడల వెనుకకు మఱలుటకు సామాన్యముగా 10 దినముల గడువే యుండును. ముందు వరుసల ఛానెళ్లను విడిచి సామాన్యపు కూర్పునకు వచ్చుటకు పెక్కుమాఱులు అంతయు తుడిచి మఱల ఎక్కింపవలసివచ్చును. ఈ సంగతులు ముందే తెలిసికొని చేరువాడే ధీరుడు.

తలిదండ్రులకు మా విన్నపము: పిల్లవాడు ప్రివ్యూ కావలెనని యడిగినప్పుడు వెంటనే వలదనకుడు, వెంటనే సరే యనకుడు. "ఫైళ్లు భద్రపఱచితివా? ఆలస్యమైన ఓర్చుకొందువా? చూచినది వ్రాసి పంపుదువా?" అని మూడు ప్రశ్నలు వేయుడు. మూడింటికిని అవునని క్రియలో చూపగలవానికి యంత్రము నప్పగింపుడు. తక్కినవారు ఆ కూర్పు సర్వజనులకు విడుదల యగువఱకు ఆగుదురుగాక.