చదవదగినవి అని ఎవరు చెప్పారు?

(వాడ చదువు – 9)

గ్రంథాలయంలో పుస్తకం సిఫార్సు చేయడం చిన్న పని కాదు మిత్రులారా. అది రాజకీయం. ఎవరికి సాహిత్యం కావాలో, ఎవరికి ఉద్యోగాల గైడు చాలో తీర్పు చెప్పే పని. ఆ తీర్పును ఎవరూ నోటితో చెప్పరు. తాళం వేసిన అద్దాల బీరువా చెప్తుంది. "చదవదగిన పుస్తకాలు" అని గోడకు తగిలించిన బోర్డు చెప్తుంది. "నీకేం కావల్లప్పా?" అని అడిగే గొంతు చెప్తుంది. పోయిన భాగంలో సిలబస్ గురించి రాశాను. సిలబస్ కాలేజీ గేటు దగ్గర ఆగిపోతుంది. ఆ తర్వాత నలభై ఏళ్లు మనిషికి పుస్తకం ఎవరు చెప్పాలి?

ముందు లెక్క చూద్దాం. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. అగ్రహారం ఇంటికీ అదే, మాదిగవాడలో ఇంటికీ అదే. అంటే గ్రంథాలయం మనకు ఎవరో పెట్టిన దానం కాదు, మనం డబ్బు కట్టి కొనుక్కున్న హక్కు. 1931లో రంగనాథన్ మద్రాసులో కూర్చుని అయిదు సూత్రాలు రాశాడు. ప్రతి చదువరికీ తన పుస్తకం దొరకాలనేది రెండోది. ప్రతి పుస్తకానికీ దాని చదువరి దొరకాలనేది మూడోది. అప్పుడు మన అనంతపురం కూడా మద్రాసు రాష్ట్రంలోనిదే. గ్రంథాలయ శాస్త్రం చదివే ప్రతి విద్యార్థీ ఈ సూత్రాలు పరీక్షలో రాసే ఉద్యోగానికి వస్తాడు.

ఆచరణలో ఏం జరుగుతుందో ఒక్కటి చెప్తాను. మా జిల్లాలోనే ఒక గ్రంథాలయంలో నా కళ్ల ముందు జరిగింది. నలభై దాటిన మనిషి, హమాలీ పని. "సార్, మంచి పుస్తకం ఏదన్నా సెప్పండి" అన్నాడు. "పిల్లోళ్లకా? గ్రూప్స్ పుస్తకాలు ఆ పక్క ఉండాయి సూడు." "పిల్లోళ్లకు కాదు సార్, నాకే." "నీకైతే ఆడ పేపర్ ఉంది, సదువుకో పోప్పా." కాసేపటికి ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు వచ్చాడు. అదే ఉద్యోగి లేచి, బీరువా తాళం తీసి, రెండు నవలలు చేతిలో పెట్టి, "ఇవి మీకు నచ్చుతాయి సార్" అన్నాడు.

ఆ ఉద్యోగిని తిట్టడానికి ఇది రాయడం లేదు. తలుపు తీసేదీ, పేపర్లు పరిచేదీ, రిజిస్టరు రాసేదీ ఆయనొక్కడే. కానీ అంత పనిలోనూ ఎవరికోసం లేవాలో, ఎవరిని కూర్చునే పంపించాలో ఆయనకు బాగా తెలుసు. అది ఏ ట్రైనింగులోనూ నేర్పలేదు. ఊరు నేర్పింది.

అక్కడి బోర్డు కూడా చూశాను. "మన జిల్లా రచయితలు" అని రాశారు. వేమన ఉన్నాడు. విద్వాన్ విశ్వం "పెన్నేటి పాట" ఉంది. ఉండాల్సినవే, కాదనను. చిలుకూరి దేవపుత్ర "పంచమం" లేదు. ఈ జిల్లా మనిషే కదా? అనంతపురంలో ఏళ్లపాటు పాఠాలు చెప్పి, ఈ నేల కరువు మీద "అనంత జీవనం" రాసి మూర్తిదేవి పురస్కారం అందుకున్న కొలకలూరి ఇనాక్ కూడా లేడు.

ఇది మరపు అనుకోవద్దు. కరువుకు కులం లేదని చెప్పుకోవడం ఈ సీమలో పెద్దలకు అలవాటు. బోరు ఎండితే రైతు అప్పులపాలవుతాడు, నిజమే. బోరే లేనివాడి కరువు మాటేమిటి? బావి నిండా నీళ్లున్నా చేద వేయనివ్వని ఊళ్లో, వాన పడినంత మాత్రాన వాడ దాహం తీరిందా? ఇనాక్ "ఊరబావి" కథ అడిగింది ఇదే. ఆ కథ లేకుండా "కరువు సాహిత్యం" జాబితా రాస్తే, అది సగం ఊరి జాబితా.

గట్టిగా అడిగితే జవాబు రెడీగా ఉంటుంది. "మాలపల్లి ఉంది కదా, గబ్బిలం ఉంది కదా!" ఉన్నవ లక్ష్మీనారాయణ నవలను ఆనాటి ప్రభుత్వం నిషేధించింది, గౌరవిస్తాం. కానీ అది మన గురించి ఇంకొకరు రాసింది. జాషువా మనవాడే. అయితే 1941 గబ్బిలం దగ్గరే మన కాలం ఆగిపోయిందా? 1995 "చిక్కనవుతున్న పాట" ఏ బీరువాలో ఉంది? నాగప్పగారి సుందర్రాజు "మాదిగోడు" ఎక్కడ? గోగు శ్యామల కూర్చిన "నల్లపొద్దు" ఎప్పుడో వచ్చింది. స్త్రీల విభాగంలో వంటలు, ముగ్గుల పుస్తకాల పక్కన దానికి చోటు లేదా?

ఇక సంగీతం. పెద్దవాళ్లకు వినదగిన పాటలు చెప్పమంటే మన జిల్లాలో మొదట వచ్చే పేరు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ. అన్నమయ్య కీర్తనలకు స్వరాలు కట్టిన విద్వాంసుడు. వినండి, వినిపించండి. కానీ జాబితా అక్కడే ముగిస్తే నా గొడవ. గద్దర్, గూడ అంజయ్య, మాస్టార్జీ, గోరటి వెంకన్న పాటలు సంగీతం కాదా? మన తప్పెట సంగతేమిటి? చావుకూ జాతరకూ పిలిచి కొట్టించుకుంటారు, గ్రంథాలయానికి మాత్రం అది శబ్దం. చదువు అందని మన తాతలకు పాటే పుస్తకం. పాటను బయట పెట్టిన గ్రంథాలయం వాళ్లందరినీ బయట పెట్టినట్టే.

దీనికి దారి లేదనేవాళ్లు డోరతీ పోర్టర్ పేరు తెలుసుకోవాలి. 1930లో అమెరికాలోని హోవార్డ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో నల్లజాతి పుస్తకాల సేకరణ బాధ్యత తీసుకున్న నల్లజాతి స్త్రీ ఆమె. అప్పటి డ్యూయీ పద్ధతిలో నల్లవాళ్లు రాసింది ఏదైనా 325లోకో 326లోకో పోయేది. ఒకటి వలసలు, రెండోది బానిసత్వం. కవిత్వం రాసినా అంతే. ఆమె ఆ అంకెలను ఒప్పుకోలేదు. కవిత్వాన్ని కవిత్వంలో, చరిత్రను చరిత్రలో పెట్టింది. మన దగ్గర దళిత కవితా సంపుటి "సాంఘిక సమస్యలు" అరలో కనిపించినప్పుడల్లా నాకు ఆమె గుర్తొస్తుంది. మనం రాసేది సమస్య, వాళ్లు రాసేది సాహిత్యమా?

"అడిగేవాళ్లు లేరండీ, అందుకే తెప్పించం" అంటారు. కళ్లకు కనపడని పుస్తకాన్ని ఎవడు అడుగుతాడు? అడగడానికి వచ్చినవాడిని పేపర్ల బల్ల దగ్గరికి తోలేది మీరే కదా!

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పరీక్షల పుస్తకాలు వద్దని నేను అనను. ఉద్యోగం మన ఆకలి. కానీ ఉద్యోగం వచ్చిన మర్నాడు కూడా మనం చదువరులుగానే ఉండాలి. ఈ వారం మీ శాఖా గ్రంథాలయానికి ఒంటరిగా కాదు, నలుగురు కలిసి పోండి. సభ్యత్వం తీసుకోండి. పుస్తకాల పేర్లు కాగితం మీద రాసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. ఏ పుస్తకాలు కొన్నారో సమాచార హక్కు చట్టం కింద అడగండి. బోర్డు మీద ఖాళీ ఉంటే మన పుస్తకాల పేర్లు రాయమనండి. మీ నాయనను, అమ్మను వెంట తీసుకుపోండి. "ఈయనకు ఒక మంచి నవల చెప్పండి సార్" అని అడిగి, జవాబు వచ్చేదాకా కదలొద్దు.

1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది. మూడేళ్లకు, 1917లో, అదే బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన మనవాళ్లు సభ పెట్టి, పంచమ అనే పేరు వద్దని ఆది ఆంధ్రులమని చెప్పుకున్నారు. మొదటి సభ చరిత్ర గ్రంథాలయాల వాళ్లందరికీ కంఠతా వచ్చు. రెండో సభ చరిత్ర వాళ్ల బీరువాల్లోకి ఎక్కించే పని మనది.

జై భీమ్.