సూక్ష్మజీవిని చూపించి గని తవ్వుతారా?

యురేనియాన్ని తినేసే సూక్ష్మజీవులు ఉన్నాయట, ఇక గనులంటే భయం అక్కర్లేదట. ఈ మాట చదువుకున్నవాళ్ల నోటనే ఎక్కువ వింటున్నాను. ఆరో తరగతి పిల్లలైనా అడుగుతారు: తిన్నాక అది ఎక్కడికి పోయింది సార్?

ఎక్కడికీ పోలేదు. జియోబాక్టర్ అనే జీవి యురేనియాన్ని తినదు. మనం ఆక్సిజన్‌తో శ్వాసించినట్టే అది గాలి ఆడని నేలలో ఇనుముతో, యురేనియంతో శ్వాసిస్తుంది. దాంతో నీళ్లలో కరిగి పారే యురేనియం కరగని రూపానికి మారి మట్టిలోనే ఉండిపోతుంది. 1991లో డెరెక్ లవ్లీ బృందం బయటపెట్టిన సంగతి ఇది. గొప్పదే, నాకు దాంతో తగువు లేదు. బావిలోకి విషం రాకుండా ఆగితే ఎవరికి చేదు?

మరి అమెరికాలో, కొలరాడోలోని రైఫిల్ దగ్గర పాత యురేనియం మిల్లు స్థలంలో 2002లో జరిగింది కూడా చెప్పాలి కదా. ఈ జీవులకు మేతగా ఎసిటేట్, అంటే వెనిగర్ జాతి ఉప్పు, భూమిలోకి ఎక్కించారు. 50 రోజుల్లోనే కొన్ని బావుల్లో యురేనియం బాగా తగ్గింది. తర్వాత సల్ఫేట్ మీద బతికే వేరే జీవులు పెరిగి జియోబాక్టర్‌ను వెనక్కి నెట్టాయి. యురేనియం మళ్లీ పెరిగింది. ఆక్సిజన్ చేరినా, పొలాల యూరియా నుంచి నైట్రేట్ దిగినా అది మళ్లీ కరగొచ్చు. అంటే మేత వేస్తూ, నీళ్లు పరీక్షిస్తూ కాపలా కాయాలి. యురేనియం సగానికి తగ్గడానికి 450 కోట్ల ఏళ్లు! అన్నాళ్లు కాపలా ఎవరు?

పైగా ఖనిజంలోని రేడియోధార్మికతలో సుమారు 85 శాతం మిల్లు వ్యర్థాల్లోనే మిగులుతుంది. అందులోని రేడియాన్ని, దాన్నుంచి పుట్టే రాడాన్ వాయువును జియోబాక్టర్ ఏమీ చెయ్యలేదు.

జార్ఖండ్‌లోని జాదుగూడలో 1967లో తవ్వకం మొదలైంది. సంతాలుల, హోల ఊళ్ల పక్కనే వ్యర్థాల చెరువులు. అమెరికాలో నవాహోల నేల మీద వదిలేసి పోయిన గనులు 500 పైనే. వాళ్లు 2005లో తమ గడ్డ మీద యురేనియం తవ్వకాన్నే నిషేధించారు. ఏ దేశమైనా గని మాత్రం మన గడపలోనే!

నల్లమలలో చెంచు పెంటలున్న అమ్రాబాద్ అడవి మీద కన్ను పడితే జనం తిరగబడ్డారు, 2019లో తెలంగాణ శాసనసభ వద్దని తీర్మానించింది. రేపు 'శుద్ధి చేసే టెక్నాలజీ వచ్చింది' అంటూ అదే ఫైలు మళ్లీ తెస్తే గ్రామసభలో అడగాల్సింది ఇదే: ముందు జాదుగూడను శుభ్రం చేసి చూపండి. వందేళ్ల కాపలా ఖర్చు ఎవరిదో సంతకం పెట్టి ఇవ్వండి. అప్పటిదాకా ఒక్క బోరు కూడా వెయ్యడానికి వీల్లేదు.