ఫ్రిజ్ మిగిలింది... పేరు కరిగింది

పెళ్లి కుదిరాక రెండు వైపుల పెద్దలూ కూర్చుని సామాను జాబితా రాసుకునే రోజుల్లో ముదినేపల్లి చుట్టుపక్కల ఊళ్లలో ఒక ముచ్చట తప్పనిసరిగా జరిగేది. మంచం, బీరువా, మిక్సీ, కుక్కరు... అన్నీ అయ్యాక మగపెళ్లివారి తరఫున ఎవరో పెద్దాయన గొంతు సవరించుకుని "ఫ్రిజ్ సంగతేమిటి బావగారూ?" అనేవాడు. ఆ ప్రశ్న వస్తుందని ఆడపిల్ల తండ్రికి తెలుసు. "ఆల్విన్ అనుకుంటున్నామండీ" అనేవాడు. అంతే, ఆ పద్దు మీద మళ్లీ మాట ఉండేది కాదు. కట్నాన్ని 1961లోనే చట్టం నిషేధించిందన్న సంగతి మాత్రం ఆ అరుగు మీద ఎవరూ ఎత్తేవారు కారు!

గోద్రెజ్ ఉండేది, కెల్వినేటర్ ఉండేది. అయినా ఆల్విన్ అంటే 'మన హైదరాబాదు కంపెనీ' అన్న ధీమా వేరు. ఎనభయ్యో దశకంలో గుడివాడ నుంచో, ఏలూరు నుంచో ఆటో ట్రాలీలో నిలబెట్టి, తాళ్లు కట్టి తెచ్చిన ఫ్రిజ్ వంటింట్లోకి వెళ్లేది కాదు. హాల్లో ఉండాలి, వచ్చినవాళ్లకు కనపడాలి. పైన లేసు గుడ్డ, దాని మీద ప్లాస్టిక్ పూలకుండీ, హ్యాండిల్‌కు చిన్న తొడుగు. తలుపుకు తాళం కూడా. తాళంచెవి అత్తగారి బొడ్లో. లోపల ఏముండేవని అడిగితే... మంచినీళ్ల సీసాలు, పెరుగు గిన్నె, అరిటాకులో చుట్టిన మల్లెపూలు. కొల్లేటి సీమలో చేప అంటే పొద్దున పట్టింది మధ్యాహ్నానికి పులుసై పోవాలి. దాన్ని ఫ్రిజ్‌లో పెడతానంటే పెద్దవాళ్లు ఒప్పుకునేవారు కారు. ఊక కప్పిన ఐసు దిమ్మలు చేపల లారీలకు, ఫ్రిజ్ ఐసు ముక్కలు చుట్టాల షర్బత్తుకు. ఆ రెంటికీ పొత్తు లేదు.

ఫ్రిజ్‌తోపాటు స్టెబిలైజర్ కూడా కొని తీరాలి. వేసవిలో వోల్టేజి పడిపోయినప్పుడల్లా అది టక్‌మని కొట్టుకునేది. అయినా ఏ మూడేళ్లకో, నాలుగేళ్లకో గ్యాస్ అయిపోయేది. కబురు పెడితే మెకానిక్ సైకిలు మీద సిలిండరు కట్టుకుని వచ్చేవాడు. కాఫీ తాగి, వెనక ఉన్న నల్లటి జాలీ తుడిచి, గ్యాస్ నింపి వెళ్లేవాడు. ఆ సైకిలు వచ్చినన్నాళ్లూ ఆల్విన్ బతికే ఉంది. కంపెనీల కథ ఎంత పొడుగున్నా, ఇంట్లోవాళ్లకు ఫ్రిజ్ కంపెనీ అంటే ఆ మనిషే.

ఇంతకీ ఆ కంపెనీ పుట్టింది ఫ్రిజ్‌ల కోసం కాదు. 1942లో, నిజాం ప్రభుత్వ పారిశ్రామిక ట్రస్టు నిధి, అల్లావుద్దీన్ అండ్ కంపెనీ కలిసి హైదరాబాదులో ఆల్విన్ మెటల్ వర్క్స్ పెట్టాయి. స్టీలు ఫర్నిచరు చేశారు, బస్సులకు బాడీలు కట్టారు. హైదరాబాదు వెళ్లిన ప్రతి పల్లెటూరి పిల్లవాడూ ఎక్కి తీరాలని మారాం చేసిన డబుల్ డెక్కర్ బస్సుల బాడీలు అక్కడివే. రేకు వంచడం, అతకడం, రంగు వేయడం చేతనైనవాడికి ఫ్రిజ్ పెట్టె ఎంతసేపు? యాభైల నుంచి ఆ పనిలోకీ దిగారు. సనత్‌నగర్‌లోనూ, తర్వాత కడప సీమలోని నందలూరులోనూ ఫ్రిజ్‌లు తయారయ్యాయి. నందలూరు అంటే అప్పటికి రైలింజన్ల షెడ్డుకు పేరు. బొగ్గు ఇంజన్ల కాలం పోయాక ఆ ఊరికి ఫ్రిజ్ ఫ్యాక్టరీ ఎంత అండో చెప్పక్కర్లేదు. దక్షిణాదిలో ఆల్విన్ పేరు తెలియని మధ్యతరగతి ఇల్లు లేదంటే అతిశయోక్తి కాదు.

సంస్థ రాష్ట్ర ప్రభుత్వ అధీనంలోకి వచ్చింది. ఎనభైల్లో అక్కడ ఎవరికో ఉత్సాహం పొంగింది. జపాన్ సీకో సంస్థ సాంకేతిక సాయంతో చేతి గడియారాలు మొదలుపెట్టారు. ఆల్విన్ ట్రెండీ వాచీ కుర్రకారు చేతికి బాగానే ఎక్కింది కూడా. అదే ఊపులో జపాన్ నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో చిన్న లారీలు! అంటే ఒకే గొడుగు కింద బీరువా, బస్సు, ఫ్రిజ్, వాచీ, లారీ. మన పక్క ఒకాయన వరి, చేపలు, రొయ్యలు, చిట్‌ఫండు, సినిమా పంపిణీ అన్నీ ఒకేసారి పెట్టుకుంటే ఊరివాళ్లు ఏమనుకుంటారు? ప్రభుత్వం చేస్తే మాత్రం దాన్ని విస్తరణ అన్నారు.

వాచీల్లోకి టాటాల టైటాన్ 1987లో దిగింది. హెచ్ఎంటీకే చుక్కలు కనపడ్డాయి, ఆల్విన్ ఎంత? లారీల వ్యాపారం దశకం ముగిసేలోపే మహీంద్రా చేతికి పోయింది. జహీరాబాద్‌లో ఇప్పుడు మహీంద్రా ట్రాక్టర్లు తయారవుతాయి. ఫ్రిజ్ ఒక్కటే జనం అడిగి కొంటున్న సరుకు. అయితే ఫ్రిజ్ చేసే సంస్థ గడియారం కూడా చేయాలనుకున్నప్పుడు ఆ డబ్బూ, ఆ బుర్రా ఎక్కడో ఒకచోటి నుంచి రావాలి కదా. ఫ్రిజ్ మీద పెట్టాల్సిన ధ్యాస అటు మళ్లిందనుకోవడం తప్పు కాదు. 1991లో తలుపులు తెరుచుకునేసరికి ఆల్విన్ ఒంట్లో సత్తువ లేదు. ఖాయిలా పరిశ్రమల బోర్డు ముందు నిలబడింది. 1994 నాటికి ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్‌లో కలిసిపోయింది.

అక్కడి నుంచి ఆ పేరు ప్రయాణం అత్తారిళ్లు మారిన కోడలి కథే. వోల్టాస్ వాళ్లు ఫ్రిజ్‌ల వ్యాపారాన్ని తొంభైల చివర్లో స్వీడన్ కంపెనీ ఎలక్ట్రోలక్స్‌కు వదిలేశారు. ఎలక్ట్రోలక్స్ తన భారత వ్యాపారాన్ని 2005లో వీడియోకాన్‌కు అమ్మింది. 2018లో వీడియోకాన్ దివాలా కోర్టు మెట్లెక్కింది. నందలూరు ఫ్యాక్టరీ అంతకు ముందే మూతపడింది. ఈలోగా శామ్‌సంగ్, 1997లో ఎల్‌జీ వచ్చి, మంచు పేరుకోని ఫ్రిజ్‌లూ రంగురంగుల తలుపులూ చూపించాయి. సామాను జాబితాల్లో ఆల్విన్ పేరు కొట్టేసి కొరియా పేర్లు రాశారు. హైదరాబాదు మియాపూర్ దగ్గర 'ఆల్విన్ క్రాస్ రోడ్స్', కూకట్‌పల్లి వైపు ఆల్విన్ కాలనీ మిగిలాయి. అక్కడ బస్సు దిగే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లలో ఎందరికి అది ఫ్రిజ్ పేరని తెలుసు?

ప్రభుత్వ కంపెనీ కాబట్టి పోయింది, ప్రైవేటువాడైతేనా... అనే పెద్దమనుషులు ప్రతి రచ్చబండ దగ్గరా ఉంటారు. వాళ్లకు సియర్స్ కథ చెప్పాలి. సియర్స్ అంటే కృష్ణా, గోదావరి పల్లెల నుంచి అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన తల్లిదండ్రులు చాలామందికి తెలుసు. చికాగోలో 108 అంతస్తుల మేడ ముందు ఫొటో దిగి వచ్చినవాళ్లు ఆ మేడను 'సియర్స్ టవర్' అనే అంటారు. 1973లో కట్టిన ఆ టవర్ పాతికేళ్లు ప్రపంచంలోకెల్లా ఎత్తయినది. దాన్ని కట్టించింది బట్టలూ, బకెట్లూ, బట్టలుతికే యంత్రాలూ అమ్మే దుకాణం!

ఆ దుకాణం కూడా వాచీలతోనే మొదలైంది. 1886లో రిచర్డ్ సియర్స్ అనే రైల్వే స్టేషన్ ఉద్యోగి వాచీలు అమ్మడం మొదలుపెట్టాడు. తర్వాత కేటలాగు. పల్లెటూళ్ల రైతులు అందులో బొమ్మ చూసి పోస్టులో డబ్బు పంపితే సామాను ఇంటికి వచ్చేది. ఇంటర్నెట్ లేని రోజుల్లో అమెజాన్ అన్నమాట. కెన్‌మోర్ అనే పేరు 1913లో కుట్టు మిషను మీద వేశారు, 1927లో బట్టలుతికే మిషను మీద వేశారు. ఫ్రిజ్‌లకు 1976 దాకా కోల్డ్‌స్పాట్ అనే వేరే పేరుండేది, ఆ తర్వాత అవీ కెన్‌మోర్ అయ్యాయి. మన పిల్లలు తొంభైల్లో అక్కడ కాపురాలు పెట్టినప్పుడు చాలా ఇళ్లలో ఉన్నది అదే.

కెన్‌మోర్‌లో ఒక గమ్మత్తుంది. సియర్స్‌కు ఆ మిషన్లు చేసే ఫ్యాక్టరీ లేదు. వర్ల్‌పూల్ లాంటి కంపెనీలు చేసి ఇస్తే తన పేరు అంటించుకుని అమ్మేది. వర్ల్‌పూల్ మూల సంస్థతో ఆ పొత్తు 1916 నాటిది. సియర్స్ దగ్గర ఉన్నవి మూడే: ఊరూరా దుకాణం, వాయిదాల పద్ధతి, చెడిపోతే ఇంటికొచ్చే మెకానిక్ వ్యాను. ఆ మూడింటితోనే, 2000 ప్రాంతంలో అమెరికాలో అమ్ముడయ్యే ఫ్రిజ్‌లు, వాషింగ్ మిషన్ల లాంటి పెద్ద ఇంటి సామానులో ఇంచుమించు 100కి 40 దాకా సియర్స్ గుమ్మం దాటి వెళ్లినవే. ఆల్విన్‌కు ఫ్యాక్టరీ ఉంది, సొంత కొట్టు బలం లేదు. సియర్స్‌కు కొట్టు ఉంది, ఫ్యాక్టరీ లేదు. చిత్రం, ఇద్దరూ ఒకే చోటికి చేరారు.

సియర్స్ దుకాణాలు ఎక్కువగా మాల్స్‌లో ఉండేవి. లోవ్స్, హోమ్ డిపో, బెస్ట్ బై లాంటివాళ్లు రోడ్డు మీద, కారు ఆపుకోవడానికి వీలుగా గిడ్డంగులంత కొట్లు పెట్టి ఫ్రిజ్‌లు వరస పేర్చారు. దీనికి జవాబు దుకాణాన్ని బాగుచేయడం. కానీ 2005లో ఎడ్డీ లాంపర్ట్ అనే పెట్టుబడిదారు, అప్పటికే ఓసారి దివాలా తీసి లేచిన కే-మార్ట్‌ను తెచ్చి సియర్స్‌కు కట్టాడు. ఆ తర్వాతి ఏళ్లలో కంపెనీ సొమ్ములో దాదాపు 600 కోట్ల డాలర్లు సొంత షేర్లు తిరిగి కొనడానికి పోయాయి. దుకాణాల్లో దీపాలు మిణుకుమన్నాయి, కార్పెట్లు చిరిగాయి. ఇంటి పైకప్పు కారుతుంటే యజమాని షేర్ల ధర చూసుకుంటూ కూర్చున్నట్టుంది వ్యవహారం. ప్రైవేటు చేతుల్లోనూ ఫ్రిజ్ అమ్మిన డబ్బు ఫ్రిజ్ కొట్టుకు చేరలేదు.

2017 జులైలో కెన్‌మోర్ సామాను అమెజాన్‌లో అమ్మకానికి పెట్టారు. కేటలాగుతో ఎదిగినవాడు కేటలాగు వారసుడి గుమ్మంలో నిలబడ్డాడు. అదే ఏడాది వర్ల్‌పూల్, ధరల దగ్గర తగవు వచ్చి, నూరేళ్ల పొత్తు తెంచుకుని సియర్స్‌కు సరుకు ఆపేసింది. 2018 అక్టోబరు 15న సియర్స్ దివాలా పత్రాలు దాఖలు చేసింది. అదే ఏడాది వీడియోకాన్ కూడా అదే దారిన నడిచిందని గుర్తుంచుకోవాలి. సియర్స్‌లో జీవితమంతా పనిచేసి రిటైరైనవాళ్లు, పెన్షన్ రావాల్సినవాళ్లు సుమారు 90 వేల మంది. ఆ పెన్షన్ బాధ్యతను 2019లో అక్కడి ప్రభుత్వ బీమా సంస్థ నెత్తిన వేసుకోవాల్సి వచ్చింది. ఇక ఆ టవర్... 2009లోనే విల్లిస్ టవర్ అయిపోయింది.

సరే, ఇదంతా పాత కథే కదా, ఇప్పుడెందుకు? ఎందుకంటే చచ్చిపోయాయనుకున్న పేర్లు మళ్లీ లేచి వస్తున్నాయి. వోల్టాస్ 2017లో టర్కీ కంపెనీతో చేతులు కలిపి, ఆ తర్వాత 'వోల్టాస్ బెకో' పేరుతో ఫ్రిజ్‌ల్లోకి తిరిగొచ్చింది. ఒకప్పుడు ఆల్విన్‌కు పోటీగా నిలిచిన కెల్వినేటర్ పేరును 2025లో రిలయన్స్ రిటైల్ కొనేసింది. టాటాల క్రోమా దుకాణాల్లో క్రోమా పేరుతోనే ఫ్రిజ్‌లున్నాయి. అంటే కొట్టువాడి పేరే సరుకు మీద. సియర్స్ నూరేళ్ల క్రితం ఆడిన ఆటే ఇప్పుడు మన దగ్గర మొదలైంది. పేరు పాతది, తలుపు కొత్తది, లోపలి యంత్రం ఎవరు చేశారో చీటీ చదివితేగానీ తెలియదు.

కొనేవాడి తీరూ మారింది. 1980లో హైదరాబాదులో చిన్న దుకాణంగా మొదలైన బజాజ్ ఎలక్ట్రానిక్స్ 2022లో షేర్ మార్కెట్‌కెక్కింది. అలాంటి పెద్ద షోరూముల్లో పది కంపెనీల ఫ్రిజ్‌లు పక్కపక్కనే నిలబడతాయి. ముదినేపల్లి కుర్రాడు ఫోన్‌లో ధర చూసుకుని, నెలవాయిదాల కాగితం మీద సంతకం పెట్టి తెచ్చుకుంటాడు. అన్నట్టు, 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు ముదినేపల్లి కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చింది. ఊరి అడ్రసు మారినా వేసవి వోల్టేజి సంగతి అడగాల్సిన పని లేదు. చేపల చెరువుల మోటార్లన్నీ ఒకేసారి తిరిగే ఊళ్లు ఇవి.

షోరూములో కుర్రాడు టచ్ ప్యానెల్ చూపిస్తాడు, పదేళ్ల కంప్రెసర్ గ్యారంటీ అంటాడు. ఆ గ్యారంటీ కంప్రెసర్ ఒక్కదానికేనా, సర్క్యూటు బోర్డుకు ఎన్నేళ్లు, స్పేర్ పార్టులు ఎక్కడి నుంచి వస్తాయి, మెకానిక్ ఏలూరు నుంచి వస్తాడా, విజయవాడ నుంచా, వస్తే ఎన్ని రోజులకు... ఇవి అడగాలి. బిల్లు కట్టక ముందే అడగాలి. పాత ఆల్విన్ సొంతదారులు ఇవేవీ అడగలేదు. అప్పట్లో అడిగే పని లేదు మరి, సైకిలు గంట వినపడేది.