చైను తెగినా గెలిచాడు
కొండదారుల్లో తొక్కే సైకిలు కావాలని మావాడు రెండు నెలలుగా ఒకటే పోరు. ముందూ వెనకా సస్పెన్షన్ ఉన్నదే కావాలట! దాని ధరతో మా ఇంటికి ఆర్నెల్ల వెచ్చాలొస్తాయి. "పిల్లాడి సరదా కదా" అంటారు వాళ్ళ నాన్న. నేను మాత్రం ఇప్పుడే వద్దంటాను.

2015లో ఆస్ట్రియాలోని లియోగాంగ్‌లో డౌన్‌హిల్ ప్రపంచకప్ పోటీ జరిగింది. అమెరికా ఆటగాడు ఆరన్ గ్విన్‌కి బయల్దేరగానే చైను తెగిపోయింది. ఇక పెడల్ తొక్కి లాభం లేదు. అయినా కిందిదాకా దూసుకెళ్ళి మొదటి స్థానం కొట్టాడు. తొక్కే వీలు లేనప్పుడు వేగం నిలుపుకోవాలంటే పల్లంలో సైకిలుని ఒంటితో అదమాలి, మిట్ట మీద తేలికవ్వాలి, అనవసరంగా బ్రేకు ముట్టకూడదు. ఆయనదీ ఖరీదైన సైకిలేలెండి, కాదనను. కానీ ఆ ఒడుపు దుకాణంలో దొరకదుగా!

పైగా ఖరీదైన సస్పెన్షన్ కొత్తవాళ్ళ తప్పుల్ని కప్పేస్తుంది. రాయిని చూసుకోకుండా ఎక్కించేసినా పెద్దగా తెలీదు. మరి దారి చూడటం నేర్చుకునేదెప్పుడు?

హెల్మెట్, బ్రేకులు, టైర్లు, ఎత్తుకు సరిపడే ఫ్రేము, వీటి దగ్గర మాత్రం నేను బేరమాడను. ముందు ఫోర్కుకే సస్పెన్షన్ ఉన్న సైకిలొకటి చూసిపెట్టాను. ఏడాది దాని మీద తిరగనీ, తర్వాత ఏది తక్కువైందో వాడే చెప్తాడు.