బలం, శక్తి, పని: ఒక భాషాధ్యాపకుని మనవి

భౌతికశాస్త్రంతో తెలుగు పంతులుకేమి పని అని విజ్ఞులు ప్రశ్నించవచ్చు. విద్యార్థి శాస్త్రాన్ని నేర్చేది మాటల ద్వారానే గనుక, ఆ మాటలు పెట్టే చిక్కును విప్పే బాధ్యత మాకూ కలదని నా నమ్మకం.

బలమన్నా శక్తి అన్నా మన వాడుకలో ఒక్కటే. ఉర్దూలో ఖువ్వత్, తాఖత్ అనే మాటలదీ ఇదే తీరు. శాస్త్రంలో మాత్రం బలం వేరు, శక్తి వేరు. ఖువ్వత్ అంటే బలం, తాఖత్ అంటే సామర్థ్యం. దుకాణదారుడు బరువును కిలోగ్రాములలో చెబుతాడు. శాస్త్రం కిలోగ్రాములను ద్రవ్యరాశికిచ్చి, భారాన్ని న్యూటన్లలో కొలుస్తుంది.

చదునైన ప్లాట్‌ఫారంపై పెట్టె నెత్తిన పెట్టుకొని సమవేగంతో నడిచే కూలీ ఆ పెట్టెపై చేసిన పని సున్న అని పాఠం చెబుతుంది. తండ్రి చెమటను ఎరిగిన పిల్లవానికి ఇది అన్యాయంగా తోచదా? కూలీ ప్రయోగించే బలం పైకి, కదలిక అడ్డంగా. బలం దిశలో కదలిక లేదు గనుక పెట్టెపై పని లేదనీ, అలసటకు కారణం కండరాలలో ఖర్చయిన శక్తి అనీ విప్పి చెబితే ఆ బాధ తీరుతుంది.

పైకి విసిరిన బంతి ఎగురుతున్నంతసేపూ దానిపై చేతి బలం ఉంటుందని పెక్కుమంది తలుస్తారు. చేయి వీడిన క్షణంలోనే ఆ బలం ముగిసింది. గాలి నిరోధాన్ని విడిచిపెడితే మిగిలేది భూమ్యాకర్షణ ఒక్కటే. అయినా అలా తలచడం మందబుద్ధి కాదు. కదలికకు నిరంతరం ఒక చోదకం కావాలని అరిస్టాటిల్ వంటి మేధావే భావించాడు. శూన్యంలో విసిరిన వస్తువు ఆగడానికి కారణమే ఉండదని ఇబ్న్ సీనా (980–1037) తర్కించాడు. 1687లో న్యూటన్ గ్రంథం వెలువడిన పిమ్మటగాని చలన నియమాలు స్థిరపడలేదు. మానవజాతికి రెండు వేల ఏండ్లు పట్టిన విషయాన్ని ఒక్క పీరియడులో గ్రహించలేదని పిల్లవాణ్ణి ఎగతాళి చేయడం న్యాయమా?

ఇంటర్మీడియట్ రోజులలో నేను ఇటువంటి జవాబే చెప్పి తరగతిలో నవ్వులపాలయ్యాను. ఆ తరువాత ప్రశ్న అడగడమే మానుకున్నాను. సూత్రాలు కంఠస్థమయ్యాయి, మార్కులూ వచ్చాయి. సందేహం మాత్రం ఏండ్ల తరబడి మిగిలిపోయింది.

కావున నా మనవి ఒక్కటే. సూత్రాన్ని బోర్డుపై వ్రాయడానికి ముందు విద్యార్థి ఏమనుకుంటున్నాడో అడగాలి; తప్పు జవాబునూ ఓపికగా విని, ప్రయోగంతో పరీక్షించాలి. ఒకే కొలత గల రెండు కాగితాలలో ఒకదాన్ని ఉండచుట్టి, రెంటినీ ఒకేసారి విడిస్తే చాలు. బరువులు సమానమే, కాని ఉండ ముందుగా నేల చేరుతుంది. తేడా బరువుది కాదు, గాలిదని కన్నులే చెబుతాయి. ఇందుకు ప్రయోగశాల అక్కరలేదు, విద్యార్థి మాటపై గౌరవం ఉంటే చాలు.